బిగ్‌ఫుట్ కోసం జాగారం

రాత్రి బాగా పొద్దుపోయాక, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు అడవుల్లో కొందరు చేతికర్రతో చెట్టు మానును గట్టిగా కొడతారు. ఒకటి, రెండు, మూడు దెబ్బలు. వెంటనే టార్చిలైట్లు ఆర్పేసి, ఊపిరి బిగబట్టి, చెవులు రిక్కించి వింటారు. అవతలి కొండ మీది నుంచి అలాంటి దెబ్బే ఒకటి వినిపిస్తే వాళ్ల ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఏడెనిమిది అడుగుల ఎత్తు, ఒళ్లంతా బొచ్చు, మనిషిలా రెండు కాళ్ల మీద నడిచే కోతిజాతి జీవి ఒకటి ఆ చీకట్లో తిరుగుతోందని, చెట్లను కొట్టి తనవాళ్లకు కబురు పంపుతుందని వాళ్ల నమ్మకం. దాని పేరు బిగ్‌ఫుట్.

ఇలా వెతికేవాళ్లలో ఎక్కువమంది శాస్త్రవేత్తలు కారు. వారమంతా ఏదో ఒక ఉద్యోగం చేసుకుని, సెలవు రోజుల్లో సొంత డబ్బు పెట్టుకుని అడవి దారి పట్టేవాళ్లు. 1995లో మ్యాట్ మనీమేకర్ స్థాపించిన సంస్థ ఇలాంటి ఔత్సాహికులను ఒక గొడుగు కిందకు తెచ్చింది. 2011 నుంచి కొన్నేళ్లపాటు ఒక టీవీ కార్యక్రమం వాళ్ల రాత్రి గాలింపులను ఇంటింటికీ చేర్చింది. ఆరు దశాబ్దాలు దాటిన ఈ వెతుకులాటలో ఇప్పటివరకు దొరికిందేమిటి? దొరకనిదేమిటి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతికితే సైన్సు ఎలా పనిచేస్తుందో ఒక మంచి పాఠం చెప్పుకున్నట్టే.

పేరు పుట్టిన చోటు

1958 ఆగస్టులో ఉత్తర కాలిఫోర్నియాలోని బ్లఫ్ క్రీక్ దగ్గర అడవిలో కొత్త రోడ్డు వేస్తున్నారు. ఒక ఉదయం బుల్డోజర్ నడిపే జెరీ క్రూకు తన బండి చుట్టూ మనిషి పాదాల్లాంటి ముద్రలు కనిపించాయి. పొడవు 16 అంగుళాలు. అలాంటివి మళ్లీ మళ్లీ కనబడుతుంటే ఆయన ప్లాస్టర్ పోసి ఒక పాదానికి అచ్చు తీసి పత్రికవాళ్లకు చూపించారు. అక్కడి కార్మికులు వాడుకుంటున్న 'పెద్ద పాదం' అనే మాట 'హంబోల్ట్ టైమ్స్' పత్రికకెక్కి, దేశమంతా పాకింది. బిగ్‌ఫుట్ అన్న పేరు అలా స్థిరపడింది.

ఆ రోడ్డు కాంట్రాక్టరు రే వాలెస్. 2002లో ఆయన చనిపోయాక కుటుంబసభ్యులు చెక్కతో చెక్కిన రెండు పెద్ద పాదాలను బయటపెట్టారు. ఆ ముద్రలు ఆయన సరదాకి వేసినవేనని చెప్పారు. బిగ్‌ఫుట్‌ను నమ్మేవాళ్లు ఈ వివరణను ఒప్పుకోలేదు. అన్ని ముద్రలనూ ఒక్క మనిషి వేయలేడన్నది వాళ్ల వాదన.

పేరు కొత్తదే అయినా కథ పాతది. కెనడా పశ్చిమ తీరంలోని ఆదివాసులకు ఈ జీవి తరతరాలుగా తెలుసు. 1920లలో జె.డబ్ల్యు. బర్న్స్ అనే బడి మాస్టారు వాళ్ల కథలను రాస్తూ 'సాస్‌క్వాచ్' అనే మాటను వాడుకలోకి తెచ్చారు. ఆదివాసులకు అది అడవికి కాపలా ఉండే గౌరవనీయమైన జీవి. పట్టి బోనులో పెట్టాలని గానీ, కొలతలు తీయాలని గానీ వాళ్లు అనుకోలేదు. ఆ ఆలోచన తర్వాత వచ్చినవాళ్లది.

1967 అక్టోబర్ 20న అదే బ్లఫ్ క్రీక్ దగ్గర రోజర్ ప్యాటర్సన్, బాబ్ గిమ్లిన్ అనే ఇద్దరు గుర్రాల మీద వెతుకుతూ వెళ్లి, నిమిషం కూడా లేని ఒక ఫిల్ము తీశారు. ఇసుక మేట మీద నడిచి వెళ్తూ, ఒక్కసారి వెనక్కి తిరిగి చూసే ఆ బొచ్చు ఆకారాన్ని ప్రపంచమంతా చూసింది. ఆ వేషం వేసింది తానేనని 2004లో బాబ్ హైరోనిమస్ అనే వ్యక్తి చెప్పుకున్నారు. గిమ్లిన్ మాత్రం తాము తీసింది నిజమైన జీవినేనని చెబుతూ వచ్చారు. ఫిల్ములోని నడకను, భుజాలను, తొడ కండరాలను దశాబ్దాలుగా విశ్లేషిస్తూనే ఉన్నారు. వాదన మాత్రం 1967లో ఎక్కడుందో అక్కడే ఉంది. మరో కోణం నుంచి తీసిన చిత్రం గానీ, అక్కడే రాలిన వెంట్రుక గానీ తోడుగా లేకపోవడమే దీనికి కారణం.

చిత్తడి నేలల్లో

ఈ కథ ఉత్తరాది కొండలకే పరిమితం కాలేదు. ఆర్కాన్సా రాష్ట్రంలో ఫౌక్ అనే చిన్న ఊరి పక్క వాగుల్లో ఒక బొచ్చు జీవి తిరుగుతోందని 1971లో వార్తలొచ్చాయి. మరుసటి ఏడాదే దాని మీద సినిమా వచ్చింది. దక్షిణ ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్, బిగ్ సైప్రస్ చిత్తడి నేలల్లో తిరుగుతుందని చెప్పే జీవికి 'స్కంక్ ఏప్' అని పేరు. స్కంక్ అంటే భరించలేని దుర్వాసన చిమ్మే చిన్న జంతువు. ఈ జీవి దగ్గరా అదే కంపు కొడుతుందట. బిగ్ సైప్రస్‌లోని ఒచోపీలో దీని పేరుతో ఒక పరిశోధన కేంద్రమే నడుస్తోంది. మోకాళ్ల లోతు నీళ్లు, మొసళ్లు, దోమలు. అలాంటి చోట రాత్రులు గడపాలంటే ఎంత పట్టుదల ఉండాలో ఊహించుకోవచ్చు.

అదే చిత్తడిలో ఫ్లోరిడా పాంథర్ అనే పెద్దపిల్లి కూడా ఉంది. 1990ల తొలినాళ్లకు అవి ఇరవై ముప్ఫైకి మించి మిగల్లేదు. జాతిని నిలబెట్టడానికి 1995లో టెక్సాస్ నుంచి ఎనిమిది ఆడ పెద్దపిల్లులను తెచ్చి వదిలారు. ఇప్పుడు అవి సుమారు రెండు వందలు. రాత్రిపూట తిరిగే, మనిషిని చూస్తే తప్పుకునే జంతువు అది. అయినా ఏటా పదికి పైగా పాంథర్లు రోడ్ల మీద వాహనాల కింద పడి చనిపోతున్నాయి. వాటి పళ్లు, ఎముకలు, రక్తం, మలం అన్నీ శాస్త్రవేత్తల చేతికి అందుతున్నాయి. పక్కనే నడుస్తున్నట్టు చెప్పే ఏడడుగుల జీవి మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా లారీ చక్రాల కింద పడలేదు.

వెంట్రుకలు పలికిన సాక్ష్యం

ఔత్సాహికుల సంచుల్లో ఇప్పుడు మంచి పరికరాలే ఉంటాయి. ఒంటి వేడిని బట్టి చీకట్లో జంతువును పట్టించే థర్మల్ కెమెరాలు, కదలిక తగలగానే ఫొటో తీసే కెమెరా ట్రాప్‌లు, రాత్రంతా నడిచే ఆడియో రికార్డర్లు, అచ్చులకు ప్లాస్టర్. ముళ్లకంపకు చిక్కిన వెంట్రుక దొరికితే జాగ్రత్తగా కాగితపు కవరులో పెడతారు. వాటిలో కొన్ని ప్రయోగశాలలకు చేరాయి. ఈ వెతుకులాటలో సైన్సు చేయి కలిపింది అక్కడే.

1976లో పీటర్ బర్న్ అనే అన్వేషకుడు, తనకు దొరికిన వెంట్రుకలను పరీక్షించమని ఏకంగా అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి పంపారు. అవి జింకజాతి జంతువువని 1977లో తేలింది. ఆ ఫైలును 2019లో బయటపెట్టారు.

2012లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ జన్యుశాస్త్రవేత్త బ్రయాన్ సైక్స్ మరింత పెద్ద పని మొదలుపెట్టారు. బిగ్‌ఫుట్, హిమాలయాల్లో తిరుగుతుందని చెప్పే యతి లాంటి జీవులవని చెప్పే వెంట్రుకలను పంపమని ప్రపంచమంతా ఉన్న ఔత్సాహికులను, మ్యూజియాలను ఆహ్వానించారు. వాళ్లను చిన్నచూపు చూడలేదు. మీ దగ్గరున్నది ఇవ్వండి, డీఎన్ఏ ఏం చెబితే అది ప్రచురిద్దాం అన్నారు. 2014లో ఫలితాలు ప్రచురించే నాటికి 30 నమూనాల డీఎన్ఏ చదవగలిగారు. ఎలుగుబంటి, గుర్రం, ఆవు, రకూన్, ముళ్లపంది, జింక, కుక్కజాతి, ఒక మనిషి. సైన్సుకు తెలియని కోతిజాతి జీవి ఒక్కటీ లేదు. హిమాలయాల నుంచి వచ్చిన రెండు నమూనాలు ధ్రువపు ఎలుగుతో పోలి ఉన్నాయని సైక్స్ మొదట భావించారు. తర్వాత ఇతర శాస్త్రవేత్తలు ఆ డేటాను మళ్లీ పరిశీలించి, అవి హిమాలయ గోధుమరంగు ఎలుగువని సరిదిద్దారు. చేసిన పొరపాటును నలుగురి ముందు సరిదిద్దుకునే దారి ఉండటమే సైన్సు బలం.

2017లో శాస్త్రవేత్త షార్లట్ లిండ్‌క్విస్ట్ బృందం యతివని చెప్పే తొమ్మిది నమూనాలను పరీక్షించింది. ఎనిమిది ఎలుగులవి, ఒకటి కుక్కది. అంతకుముందే, 1960-61లో ఎడ్మండ్ హిల్లరీ యాత్రబృందం నేపాల్‌లోని ఖుమ్‌జుంగ్ మఠం నుంచి యతి తలచర్మంగా పూజలందుకుంటున్న దాన్ని తీసుకెళ్లి చూపిస్తే, అది సెరో అనే కొండ జంతువు తోలుతో చేసిందని నిపుణులు తేల్చారు. 2019 ఏప్రిల్‌లో మన సైన్యపు పర్వతారోహణ బృందానికి మకాలు శిఖరం దగ్గర మంచులో 32 అంగుళాల పొడవైన ముద్రలు కనిపించాయి. యతివంటూ సైన్యం ఫొటోలు విడుదల చేసినప్పుడు దేశమంతా చర్చించుకుంది. అవి ఎలుగుబంటి అడుగులని స్థానికులు చెప్పినట్టు నేపాల్ సైన్యం పేర్కొంది. ఎండకు మంచు కరిగితే ముద్ర అంచులు విచ్చుకుని పాదం పెరిగినట్టు కనిపిస్తుంది.

మళ్లీ మళ్లీ ఎలుగుబంటే

డీఎన్ఏ ఇన్నిసార్లు ఎలుగుబంటినే చూపించడం యాదృచ్ఛికం కాదు. ఎలుగు వెనక పాదానికి మడమ, అయిదు వేళ్లు ఉంటాయి. బురదలో పడితే మనిషి పాదంలాగే కనిపిస్తుంది. నడిచేటప్పుడు వెనక పాదం, ముందరి పాదముద్ర మీద కొంచెం జరిగి పడితే రెండూ కలిసి ఒకే పొడవాటి పాదమవుతాయి. వాసన పట్టడానికి, దూరం చూడటానికి ఎలుగు నిటారుగా నిలబడుతుంది. ముందరి కాళ్లకు దెబ్బ తగిలిన ఒక నల్ల ఎలుగు 2014 నుంచి న్యూజెర్సీ వీధుల్లో అచ్చం మనిషిలా రెండు కాళ్ల మీదే నడిచింది. దాని వీడియోలు చూసినవాళ్లెవరికీ ఆ పోలిక గురించి మళ్లీ చెప్పనక్కర్లేదు.

2024లో 'జర్నల్ ఆఫ్ జువాలజీ'లో ఫ్లో ఫాక్సన్ అనే డేటా శాస్త్రవేత్త ఒక లెక్క ప్రచురించారు. అమెరికా, కెనడాల్లో రాష్ట్రాలవారీగా బిగ్‌ఫుట్ కనిపించిందన్న కథనాలను, నల్ల ఎలుగుల సంఖ్యను, జనాభాను, అడవి విస్తీర్ణాన్ని పక్కపక్కన పెట్టి చూశారు. సగటున వెయ్యి ఎలుగులు పెరిగితే కథనాలు 4 శాతం పెరుగుతున్నాయి. ఎలుగులు స్థిరంగా లేని రాష్ట్రాల్లోనూ కథనాలు ఉన్నాయి కాబట్టి అన్నింటికీ ఎలుగే కారణమని ఆ పరిశోధన అనలేదు. చాలావాటికి మాత్రం అదే సరైన వివరణ. అంతకుముందు 2009లో మరో బృందం, బిగ్‌ఫుట్ కనిపించిన చోట్లను బట్టి దానికి నప్పే ఆవాసాల పటం గీస్తే, అది నల్ల ఎలుగు ఆవాసాల పటంతో దాదాపు కలిసిపోయింది.

అలాగని చూశామన్నవాళ్లంతా అబద్ధాలాడుతున్నారనడం తప్పు. మసక చీకట్లో తాడును చూసి పాము అనుకున్నవాడు అబద్ధమాడటం లేదు. కన్ను తెచ్చిచ్చిన కొద్దిపాటి వెలుగును మనసు తనకు తెలిసిన బొమ్మతో పూరిస్తుంది. భయం ఉన్నచోట పాము కనిపిస్తుంది, బిగ్‌ఫుట్ కోసం వెళ్లినచోట బిగ్‌ఫుట్ కనిపిస్తుంది. రామాయణంలో ఎలుగురాజు జాంబవంతుడు వానరసేనలో కలిసి నడిచాడు. చీకటి పడ్డాక అడవిలో కూడా ఎలుగుకూ వానరానికీ మధ్య గీత అలాగే చెరిగిపోతుంది. 2017లో విశాఖపట్నంలో నిర్మాణంలో ఉన్న భవనంలో దొరికిన తెల్లని వింత ప్రాణులను గ్రహాంతరవాసులంటూ వీడియోలు తిప్పారు. అవి ఈకలు సరిగా రాని గుడ్లగూబ పిల్లలు. పట్టపగలు, చేతికందే దూరంలో ఉన్నదాన్నే మనం అలా పొరబడ్డాం.

ఒక్కటుంటే చాలదు

'నిప్పు లేనిదే పొగ రాదు కదా' అన్నది ఔత్సాహికులు తరచూ చేసే వాదన. మరో వాదన ఇంకా బలమైనది: పర్వత గొరిల్లా 1902 దాకా, ఒకాపి 1901 దాకా సైన్సుకు తెలియవు, కాబట్టి పెద్ద జంతువులు దాక్కోగలవు. ఇది నిజమే. అందుకే దీన్ని జాగ్రత్తగా తూచాలి.

వియత్నాంలో 1992లో బయటపడ్డ సావోలా పెద్ద అడవి జంతువే. ఇప్పటికీ దాన్ని అడవిలో సహజంగా తిరుగుతుండగా చూసిన జీవశాస్త్రవేత్త ఒక్కరూ లేరు. అంతటి అరుదైనది కూడా వేటగాళ్ల ఇళ్ల గోడల మీద కొమ్ములు మిగిల్చింది. ఆ కొమ్ములే దాన్ని సైన్సుకు పట్టిచ్చాయి. 2008 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని టాహో అడవిలో ఒక విద్యార్థిని చిన్న జంతువుల కోసం పెట్టిన కెమెరాలో వుల్వరీన్ పడింది. 1920ల తర్వాత ఆ రాష్ట్రంలో దాని జాడే లేదు. ఆ ఒంటరి జంతువు వదిలిన వెంట్రుకలు, మలం సేకరించి డీఎన్ఏ చూస్తే, అది ఐడహో వైపు కొండల నుంచి వచ్చిన మగదని కూడా తెలిసింది. కుక్కంత జంతువు, ఒకే ఒక్కటి, ఆ విశాలమైన అడవిలో దాక్కోలేకపోయింది.

బిగ్‌ఫుట్ ఒక్కటే ఉండటానికి వీల్లేదు. తరాలు నిలవాలంటే తల్లులు, తండ్రులు, పిల్లలు కలిసి వందల సంఖ్యలో ఉండాలి. అన్ని జీవులు పుట్టి, తిని, చచ్చే చోట పళ్లు రాలాలి, పుర్రెలు దొరకాలి. శిలాజాల మాటకొస్తే, కొందరు చైనాలో బతికిన జైగాంటోపిథెకస్ అనే మహావానరాన్ని బిగ్‌ఫుట్ పూర్వీకుడంటారు. 1935లో హాంకాంగ్ మందుల దుకాణంలో దొరికిన ఒక పన్నుతో అది సైన్సుకు తెలిసింది. ఆ తర్వాత దాదాపు రెండు వేల పళ్లు, నాలుగు దవడలు దొరికాయి. అది ఒరాంగుటాన్‌కు దగ్గరి బంధువని 2019లో ప్రొటీన్ల పరీక్ష చెప్పింది. రెండు లక్షల ఏళ్ల కిందటికే అది అంతరించింది. అమెరికా ఖండాల్లో ఇలాంటి తోకలేని మహావానరపు శిలాజం ఒక్కటీ దొరకలేదు.

ఈ సంగతి నమ్మినవాళ్లలో నిజాయితీపరులకు తెలుసు. వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయ మానవశాస్త్రవేత్త గ్రోవర్ క్రాంట్జ్ తన పేరు ప్రతిష్ఠలను పణంగా పెట్టి బిగ్‌ఫుట్ ఉందని వాదించారు. శరీరం దొరికితే తప్ప ఎవరూ నమ్మరని కూడా ఆయనే అన్నారు. 2002లో కన్నుమూసే ముందు తన దేహాన్ని సైన్సుకు రాసిచ్చారు. ఆయన అస్థిపంజరం ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో తన పెంపుడు కుక్క అస్థిపంజరంతో పాటే ఉంది. తాను జీవితమంతా వెతికిన సాక్ష్యం ఎలాంటిదో ఆయన తన ఎముకలతో చెప్పి వెళ్లారు.

లంకమల చెప్పే పాఠం

పోయిందనుకున్న జీవిని వెతికి పట్టుకున్న కథ మన దగ్గరే ఒకటుంది. 1848 ప్రాంతంలో టి.సి. జెర్డన్ గుర్తించిన కలివి కోడి 1900 తర్వాత ఎనభై ఆరేళ్లు శాస్త్రవేత్తలెవరి కంటా పడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 27 సెంటీమీటర్ల చిన్న పిట్ట. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు దాని బొమ్మ పట్టుకుని పల్లెలు తిరిగారు. కడప జిల్లాలో పిట్టలు పట్టుకుని బతికే ఒక మనిషి ఆ బొమ్మ చూసి గుర్తుపట్టాడు. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి కలివి కోడి అని ఊళ్లో పేరు కూడా ఉంది. 1986 జనవరిలో ఒక రాత్రి టార్చిలైటు వెలుగులో అతనే దాన్ని ప్రాణంతో పట్టి తెచ్చాడు. ఆ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దాన్ని నిర్ధారించి ప్రపంచానికి చెప్పారు. పగలంతా వెతికినవాళ్లకు అన్నేళ్లు దొరకని పిట్ట రాత్రి తిరిగేదని అప్పుడు అర్థమైంది.

తర్వాత వచ్చిన పరిశోధకులు అదే జిల్లాలోని లంకమల అడవి పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, పొద్దున్నే దాని మీద పడిన అడుగులు కొలిచారు. పక్కన కెమెరా ట్రాప్‌లు పెట్టారు. కూత రికార్డు చేసి, దాన్నే మళ్లీ వినిపించి బదులు కోసం ఎదురుచూశారు. గమనించారా? అడుగులు, కెమెరాలు, పిలుపులు. బిగ్‌ఫుట్ వెతికేవాళ్లు చేసేవి ఇవే. తేడా ఒక్కచోట ఉంది. లంకమలలో అడుగు ఆ పిట్టదో కాదో పోల్చుకోవడానికి, చేతికి చిక్కిన నిజమైన పిట్ట ముందే ఉంది. పోలిక కుదరకపోతే 'ఇది కాదు' అని పక్కన పెట్టేశారు. బ్లఫ్ క్రీక్‌లో పాదముద్రను పోల్చడానికి పాదమే లేదు. అందుకే ఎవరికి తోచింది వాళ్లు అందులో చూశారు. ఏది దొరికితే తన నమ్మకం తప్పని ఒప్పుకుంటాడో ముందే చెప్పగలిగినవాడే నిజంగా వెతుకుతున్నట్టు. డిగ్రీలు ఉన్నా లేకపోయినా ఈ సూత్రం అందరికీ ఒక్కటే. కలివి కోడిని పట్టిచ్చిన మనిషికి ఏ డిగ్రీ ఉందని?

వెతికేవాళ్లకు ఒక మాట

ఈ వెతుకులాటకు ప్రాణాలు కూడా బలవుతున్నాయి. 2024 క్రిస్మస్ ముందురోజు ఓరెగాన్ నుంచి ఇద్దరు వాషింగ్టన్ రాష్ట్రంలోని గిఫర్డ్ పించోట్ అడవికి బిగ్‌ఫుట్ కోసం వెళ్లారు. 60 మందికి పైగా వాలంటీర్లు మూడు రోజులు గాలించి, చివరికి వాళ్ల మృతదేహాలను కనుగొన్నారు. చలికి తగిన సరంజామా లేకుండా వెళ్లడమే కారణమని అధికారులు చెప్పారు. సియాటిల్, పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలు సెలవుల్లో వెళ్లేది ఈ కొండలకే. అక్కడ బిగ్‌ఫుట్ కంటే మంచు, చలి ప్రమాదకరమైనవి.

అడవిలో రాత్రులు గడపగల ఓపిక చాలా విలువైనది. ఆ ఓపికను, ఆ కెమెరాలను నిజంగా తరిగిపోతున్న జీవుల కోసం వాడితే దొరికేది ఎక్కువ. కలివి కోడి ఇప్పుడు అత్యంత ప్రమాదంలో ఉన్న పక్షుల జాబితాలో ఉంది. దాని కోసం, దాని పొదల కోసం కళ్లు చాలడం లేదు.

మీకు కూడా ఏదైనా వింత అడుగు కనిపిస్తే పక్కన ఒక నాణెం పెట్టి, నిటారుగా పైనుంచి ఫొటో తీయండి. చోటు, తేదీ, సమయం రాసుకోండి. ఎలుగుదా, కుక్కదా, మనిషిదా అని ముందు తెలిసినవాటితో పోల్చండి. అన్నిటికంటే ముందు ఇంకో పని ఉంది. శాస్త్రవేత్తల కంటికి కనబడని ఎనభై ఆరేళ్లూ కలివి కోడి పేరు పల్లె నోళ్లలోనే బతికింది. మీ ఊరి చెరువు గట్టు మీద, తుప్పల్లో తిరిగే పిట్టలకు, జంతువులకు మీ పెద్దవాళ్లు పెట్టుకున్న పేర్లు ఈ వారమే అడిగి రాసిపెట్టుకోండి.